కంద నిలవని పెరడు

మా వీధి చివరి క్వార్టర్ జోగమ్మది. చివరిది అంటే పల్లంలో ఉన్నదని అర్థం. సెక్టార్ ఫైవ్‌లో మా వరస మొత్తం కొళాయిల నీళ్ళూ, స్నానాల నీళ్ళూ, కప్పుల మీద పడ్డ వానా ఎవరూ పిలవకుండానే ఆమె పెరట్లోకి వచ్చి చేరేవి. నేల చూస్తే నల్లరేగడి. ఒకసారి తాగిన నీటిని వదిలిపెట్టే రకం కాదు. ఆషాఢంలో తడిసిన పెరడు దసరా వెళ్ళినా కాలు పెడితే బుసుక్కున దిగిపోయేది. ఎండాకాలంలో మా పెరళ్ళన్నీ పెంకుల్లా పగిలిపోయి ఉంటే ఆమెది మాత్రం తడితడిగానే ఉండేది.

జోగమ్మది నరసన్నపేట దగ్గర పల్లె. భర్త అప్పలసూరి ముందు రైల్వేలో ఖలాసీ. ఇక్కడి ఉక్కు ప్లాంటులో మనుషుల్ని తీసుకుంటున్నారని విని విజయనగరం మీదుగా రాయపూర్ బండెక్కి వచ్చేసి, బొగ్గు మాడ్చే కోక్ ఓవెన్లో చేరాడు. క్వార్టర్ వచ్చాక పెళ్ళాన్ని తెచ్చుకున్నాడు. మా ఆయన వాసుదేవరావు స్టోర్సులో గుమాస్తా, మాది బొబ్బిలి. ఊళ్ళు దగ్గరవి కాబట్టి జోగమ్మ నన్ను అక్క వరసలో అప్పా అని పిలిచేది. మనిషి పొడుగ్గా, ఎముకలు కనిపించేలా ఉండేది. మాట తక్కువ. పంతం మాత్రం ముగ్గురికి సరిపడా ఇచ్చాడు దేవుడు. ఆ పెరడుతో ఆమె పడ్డ తగువంతా నేను గోడ మీంచి చూశాను. ఇంకొకరు చెబితే ఏడుపు కలిపి చెబుతారు, అందుకని నేనే చెబుతున్నాను.

పిల్లల తల్లులు శ్రావణమాసం చివర పోలాల అమావాస్య చేసుకుంటారు. కంద మొక్కకి పసుపు రాసి, బొట్టు పెట్టి, పసుపు కొమ్ము కట్టిన తోరం చుట్టి, పిల్లలు చల్లగా ఉండాలని మొక్కుకుంటారు. తల్లి మొక్క పక్కన పిలక కూడా ఉండాలి. మేమైతే ఎక్కడో అక్కడ ఒక కంద మొక్క సంపాదించి పీట మీద పెట్టుకుని అయిందనిపించేవాళ్ళం. జోగమ్మ అత్తవారింట్లో అలా కుదరదు. కంద ఇంటి పెరట్లోనే మొలవాలి, నేలలోనే ఉండాలి. కుండీలో పెట్టుకోవే అని నేను చెప్పి చూశాను. కుండీకి పెట్టిన దండం కుండీకే పోతుంది అప్పా, అంది.

ఇక్కడికి వచ్చిన మొదటేడు ఆమె చంకలో నెలల పిల్లాడు. వైశాఖంలో సుపేలా బజారుకి వెళ్ళి విత్తనానికి కంద కావాలని అడిగిందట. అప్పటికి ఆమెకు హిందీ రాదు. ఒకడు ఉల్లిపాయల గంప చూపించాడు, వాడి భాషలో కాందా అంటే ఉల్లిపాయ. ఇంకొకడు చిలగడదుంప చూపించాడు. అది కాదు, భూమిలో పెట్టేది, పెద్దది, గుండ్రంగా ఉంటుందని ఆమె చేతులతో చూపిస్తే, ఒక ముసలాయన అర్థమైందన్నట్టు తలూపి సంచి నిండా పిడకలు పోసి ఇచ్చాడు. వాళ్ళకి కండా అంటే పిడక. ఆ పిడకలు మోసుకుని సుపేలా నుంచి నడిచి వచ్చింది. వీధి వీధంతా పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వనిది ఆమె ఒక్కతే. చివరికి అసలు కంద పేరు ఇక్కడ జిమీకంద్ అని ఎవరో చెబితే, మళ్ళీ వెళ్ళి తెచ్చుకుని పాతింది.

మొలక బాగానే వచ్చింది. గొడుగులా ఆకు విప్పింది. ఆషాఢంలో నాలుగు వానలు పడేసరికి కాండం మొదట్లో మెత్తబడి, ఒక పొద్దున్నే పక్కకి వాలిపోయింది. తవ్వి చూస్తే దుంప కుళ్ళి చేతికి జారిపోయింది. కందకి నీళ్ళు నిలిస్తే పడదు, ఆ సంగతి జోగమ్మకీ తెలుసు. తెలిసినా వేరే నేల ఎక్కడినుంచి తెస్తుంది. ఆ అమావాస్యకి ఉత్త గుంటకే పసుపు చల్లి దండం పెట్టుకుంది. భాద్రపదంలో పిల్లాడికి జ్వరం తగిలింది. పెద్దాసుపత్రిలో చేయాల్సినవన్నీ చేశారు. పిల్లాడు దక్కలేదు.

రెండేళ్ళకి ఆడపిల్ల పుట్టింది. ఈసారి అప్పలసూరి ప్లాంటు నుంచి బొగ్గుచిట్టెం సైకిలు మీద మోసుకొచ్చి పెరట్లో దిబ్బ పోశాడు. దాని మీద మట్టి, మట్టిలో కంద. చూడ్డానికి చిన్న గుడిలా ఉండేది. పెద్దవాన ఒకటి వచ్చి దిబ్బని కాలవలోకి ఈడ్చుకుపోయింది. కంద మళ్ళీ కుళ్ళింది. ఆ వానల్లోనే పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి. అదీ పోయింది.

పిల్లలు పోయింది జ్వరం వల్ల, విరేచనాల వల్ల. కంద వల్ల కాదు. ఆ మాట నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, మా ఆయనా చెప్పాడు, ఆసుపత్రి డాక్టరూ చెప్పాడు. ఆమె అందరి మాటా వినేది, తలూపేది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ బురద గుంట ముందు కూర్చునేది. చూడలేకపోయేదాన్ని. చూడకుండా ఉందామంటే మా గోడ పొట్టిది.

మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు బిసాహిన్ వచ్చింది. ఉతై దారిలో ఏదో పల్లె ఆమెది, గంపలో ఆకుకూరలు పెట్టుకుని సెక్టార్లలో అమ్మేది. ఒకరోజు కూర ఇవ్వడానికి జోగమ్మ పెరట్లోకి వచ్చి, ఆ తడినేల చూసి అక్కడే నిలబడిపోయింది. ఇంత చక్కని తడి పెట్టుకుని ఏమీ వేయలేదేమిటని అడిగింది. వీధంతా ఛీ అనే ఆ మడుగుని చక్కనిది అన్న మనిషి అప్పటిదాకా పుట్టలేదు. తను వేస్తానని, పంటలో సగం తనకి ఇవ్వాలని బేరం పెట్టింది. బిసాహిన్ బేరంలో ఎంత గట్టిదంటే, గంప దించకుండానే ఒప్పించేసింది. జోగమ్మ ఒక్కటే షరతు పెట్టింది. ఏం వేసినా సరే, కంద మాత్రం మొలవాలి. అప్పటికి జోగమ్మకి బజారు హిందీ వచ్చేసింది, జిమీకంద్ అనే మాటా తెలుసు. కానీ తన దేవత పేరు ఇంకో భాషలో అనడం ఇష్టం లేక కంద అనే అంది. కాందాయే కదా, వేస్తానంది బిసాహిన్.

శివరాత్రి వెళ్ళాక వచ్చి చిన్న చిన్న దుంపలు మడుగులోనే నాటింది. దిబ్బ లేదు, చిట్టెం లేదు. జోగమ్మకి నచ్చకపోయినా, ఈ ఊరి మనిషి కదా, ఈ ఊరి కిటుకేదో ఉంటుందని ఊరుకుంది. రోజూ వెళ్ళి చూసుకునేది. ఉగాది నాటికి ఆకు విచ్చుకుంది. ఏనుగు చెవిలా వెడల్పుగా, నీళ్ళు పడితే ముత్యంలా దొర్లిపోయే ఆకు. అది కంద కాదు, చేమ.

అంత కోపం జోగమ్మకి వస్తుందని నాకు అంతవరకు తెలియదు. ఎనిమిదో నెల కడుపుతో బిసాహిన్ చెయ్యి పట్టుకుని ఆ ఆకు దగ్గరికి ఈడ్చుకుపోయింది. నన్ను మోసం చేశావంది. బిసాహిన్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్ళకి నేలలో ఊరే దుంప ఏదైనా కాందాయే. చేమని వాళ్ళు కోచయి కాందా అంటారు.

“ఏహ కాందా ఆయ్, బాయి,” అంది. ఇది కందే కదమ్మా, అని.

జోగమ్మ వంగి పీకేయబోయింది. వంగలేకపోయింది. బిసాహిన్ తొణక్కుండా, పీకాలంటే రేపైనా పీకుకోవచ్చు, ముందు నీళ్ళలో ఏవి బతుకుతాయో కళ్ళతో చూసి అప్పుడు పీకమంది. పీకేస్తే బిసాహిన్ సగం వాటా పోతుందిగా మరి. మర్నాడు ముగ్గురం ఊరి బయట నాలా దగ్గరికి వెళ్ళాం. నన్నెందుకు తీసుకెళ్ళారంటే, దారిలో జోగమ్మ కూలబడితే మోయడానికి.

ఎండలు ముదిరినా నాలాలో నీళ్ళున్నాయి. బిసాహిన్ మొక్కల్ని మనుషుల్ని చూపించినట్టు చూపించింది. మధ్యలో నీళ్ళలోనే నిలబడేవి చేమలు. ఒడ్డున, కాళ్ళు తడిసి నడుము ఆరేచోట వస ఉంది. అదే, పిల్లలకి నాలిక మీద గీసే వసకొమ్ము. దాన్ని మేం కొట్లో ఎండుకొమ్ముగానే చూశాం, పచ్చగా నిలబడి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంకా పైన, నీళ్ళు వచ్చి పోయే చోట పొన్నగంటికూర చాపలా అల్లుకుని ఉంది. గట్టు విరగకుండా వట్టివేరు గడ్డి దుబ్బులు. ఎండాకాలం కిటికీలకి కట్టుకునే తడికెలు దీని వేళ్ళతోనే అల్లుతారు. జోగమ్మ ఒక్కొక్కటీ వేళ్ళతో నలిపి, వాసన చూసి, ఇది కావాలి, ఇది వద్దు అని చెప్పింది. తెల్లమద్ది మొక్క బాగుంది గాని పెద్దదైతే క్వార్టర్ గోడ కూలుతుందని వద్దంది. గులాబీరంగు పూలు విరగబూసిన ఒక పొద ఉంది. నాకు అది నచ్చింది. దాని పేరు బేశరం, అంటే సిగ్గులేనిది. అది అడుగుపెడితే మిగతా వేటికీ చోటివ్వదని, ఈ నేలలో పుట్టింది కూడా కాదని బిసాహిన్ చెప్పింది. మా ఆయన తరఫు చుట్టాలు ఒకరిద్దరు గుర్తుకొచ్చి నేనూ వద్దనే అన్నాను.

జోగమ్మ మొక్కలు చూస్తూ చూస్తూ మాటిమాటికీ నాలా అవతలి ఒడ్డు వైపు చూసేది. అక్కడ తుమ్మచెట్ల వెనక ఎత్తుగా ఉన్న నేలలో ఆమె పిల్లలిద్దరినీ పూడ్చారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. బిసాహిన్‌కి ఆ సంగతి తెలియదు.

వసా, పొన్నగంటీ, వట్టివేరూ తెచ్చి ఎక్కడ తడి ఎంత ఉందో చూసుకుని నాటారు. కొళాయి కింద వస, నీళ్ళు ఎక్కి దిగే అంచున పొన్నగంటి, గోడ వారన వట్టివేరు, నడుమ మడుగులో చేమ. జోగమ్మ చేమని పీకలేదు. అలాగని దాన్ని చూసి మురిసిందీ లేదు.

“అన్నీ బాగానే ఉన్నాయి అప్పా. కంద ఏదీ?” అంది నాతో.

వైశాఖంలో ఆడపిల్ల పుట్టింది. గౌరీదేవి అని పేరు పెట్టారు. వానలు మొదలయ్యాయి. ఆ ఏడు వానలు మా పెరళ్ళలో బంతినారు కుళ్ళబెట్టాయి, మా వంకాయ మొక్కల్ని చంపాయి. జోగమ్మ పెరట్లో మాత్రం చూడాలి. వీధి నీళ్ళన్నీ వెళ్ళి ఆ ఆకుల మధ్య అణగిపోయేవి. వట్టివేరు గట్టుని పట్టుకుంది. చేమ తల్లి పక్కన పిలకలు, వాటి పక్కన ఇంకా పిలకలు. బిసాహిన్ వారం వారం వచ్చి తన సగం ఆకులు కోసుకుపోయేది. జోగమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. పిల్ల తుమ్మితే ఉలిక్కిపడేది. శ్రావణం వచ్చేకొద్దీ అన్నం తినడం మానేసింది. అమావాస్యకి పెరట్లో కంద లేదు, ఈ పిల్లా దక్కదు. నోటితో అనకపోయినా ఆమె భయం అదేనని వీధిలో అందరికీ తెలుసు.

అప్పలసూరి తల్లికి కబురు పెట్టాడు. అమావాస్యకి వారం ముందు ఆవిడ, జోగమ్మ అత్త సింహాచలమ్మ, దిగింది. గంపలో సొంతూరి మట్టి, ఆ మట్టిలో బతికున్న కంద మొక్క. ఆకు నలగకుండా రెండు రైళ్ళు మారి తెచ్చింది. ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట, పక్కవాళ్ళకి తగలనివ్వలేదట. జోగమ్మ ఆ గంప చూసి ఎన్నాళ్ళకో నవ్వింది. ఇద్దరూ కలిసి పెరట్లో కాస్త ఎత్తుగా ఉన్న చోటు వెతికి నాటారు. సింహాచలమ్మ చేమలు చూసి, ఇవేమిటి దొంగల్లా ఇక్కడ చేరాయని అడిగింది. కూర కోసమని చెప్పింది జోగమ్మ.

ఆ రాత్రి మొదలై వారమంతా ఒకటే వాన. అమావాస్య నాడు పొద్దున్నే స్నానాలు చేసి, బూరెలు వండి, పసుపూ కుంకుమా పళ్ళెంలో పెట్టుకుని పెరట్లోకి వెళ్ళారు. పేరంటానికి పిలిచారు కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. కంద పక్కకి వాలిపోయి ఉంది. సింహాచలమ్మ లేవనెత్తితే కాండం చేతిలోకి ఊడి వచ్చింది. సొంతూరి మట్టి చుట్టూ ఉన్న నల్లమట్టిలో కలిసిపోయింది, ఏది ఏదో తెలియలేదు.

సింహాచలమ్మ అక్కడే బురదలో చతికిలబడి గుండెలు బాదుకుంది. నమ్మకాలు లేవని చెప్పుకునేదాన్ని, అయినా నేనూ దేవుడికి మొక్కుకున్నాను. సింహాచలమ్మ లేచి, చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, జోగమ్మ చేతిలోంచి పిల్లని తీసుకోబోయింది.

“నాను సెప్పనేదేటి. ఈ నేల మనది కాదు. ఇక్కడేటి పెట్టినా కుల్లిపోద్ది. ఈ ఆడగుంటని నాను అట్టుకుపోతాను. నువ్వొత్తే రా, నేకపోతే నీ మొగుడికి గంజి కాసుకోని ఉండు.”

నిజం చెప్పాలంటే నాకు ఆ మాట సబబుగానే తోచింది. జోగమ్మ కూడా వెళ్ళిపోతుందనే అనుకున్నాను. ఆమె పిల్లని ఇవ్వలేదు. ఊడిన కంద వైపు ఒకసారి చూసింది. పిల్లని చంకలో సర్దుకుని, పళ్ళెం తీసుకుని మడుగులోకి దిగి, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, చేమ తల్లి మొక్కకి పసుపు రాయడం మొదలుపెట్టింది.

చేమకి పూజేమిటి, మతిపోయిందా అని అత్త అరిచింది. జోగమ్మ తిరిగి చూడలేదు. బొట్టు పెడుతూనే మాట్లాడింది.

“కందకి రెండుసార్లు మొక్కినాను అత్తా. అది తనే బతకనేకపోనాది, నా పిల్లల్నేటి బతికిత్తాది. దీన్ని సూడు. పీకల్దాకా నీల్లల్లో ఉండి పిల్లల్ని పెట్టుకున్నాది. నా గుంటా ఈ నీల్లల్లోనే బతకాల.”

సింహాచలమ్మ ఇంకేదో అనబోయింది. అప్పుడు జోగమ్మ ఇటు తిరిగింది.

“ఈ నేల మనది కాదన్నావు. నా ఇద్దరూ ఈ నేల్లోనే ఉన్నారు. ఆల్లని ఒగ్గీసి నానెలగ వత్తాను?”

ప్లాంటు సైరన్ కూసింది, ఆగింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. అప్పలసూరి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల బతికింది. చేమ బతికించిందని నేననను. ఆ భాద్రపదంలోనూ దానికి జ్వరం వచ్చింది, ఆసుపత్రి మందుతోనే తగ్గింది. ఇప్పుడు బడికి పోతోంది, తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది, అన్నంలో చేమదుంప పులుసు కనిపిస్తే కంచం తోసేస్తుంది. వీధిలో ఇంకో ఇద్దరు తల్లులు కూడా ఇప్పుడు చేమకే తోరం కడుతున్నారు. కంద కోసం సుపేలా దాకా నడిచే ఓపిక లేక కడుతున్నారని నా అనుమానం. ఇదంతా తరవాతి సంగతి.

ఆ రోజు పూజ అయ్యాక కథ చెప్పుకోవాలి. ఏటేటా పిల్లల్ని పోగొట్టుకున్న ఒక కోడలి కథ. వాళ్ళింట్లో ఆ కథ పెద్దావిడే చెప్పాలి, ఇంకొకరు చెబితే చెల్లదు. చెప్పదనుకున్నాం. సింహాచలమ్మ చీర ఎగ్గట్టుకుని మడుగులోకి దిగి, కోడలి పక్కన నిలబడి మొదలుపెట్టింది. కథలో ఆ కోడలు పెరట్లోకి వెళ్ళి కందతల్లి కాళ్ళ మీద పడుతుంది. ఆ మాట దగ్గర ఆగింది. “సేమతల్లి కాల్ల మీద పడ్డాది,” అంది.

కథ అయ్యాక అక్షింతలు చేమ మీద వేసింది. పిల్ల మీద వేసింది. కోడలి నెత్తిన వేసింది. చేతిలో ఇంకా మిగిలాయి. వాటిని చూసుకుని, నాలా ఉన్న వైపుకి తిరిగి, వంగి, పక్కన ఏ మొక్కా లేని తడినేల మీద కొన్ని చల్లింది. మళ్ళీ వంగి, దాని పక్కనే ఇంకొన్ని చల్లింది.